ప్లేట్ల మీద నెత్తళ్ళు

ఉప్పాడలో అచ్చాయమ్మ నోటికి జడవనిది ఒక్క సముద్రమే. ఆవిడ కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఎండుచేపలు అమ్మి కట్టుకున్న రెండో ఇల్లు ఒడ్డున ఆఖరుది. అలలు దాని గుమ్మాన్నీ చూసిపోతున్నాయి.

కరెంటు స్తంభాలనూ సముద్రం వదల్లేదు. జనరేటరు పెట్టుకుంటే, రోడ్డు కోసుకుపోయినప్పుడల్లా డీజిలు రావడం ఆగిపోయేది. అందుకే మరిది చినబాబు ఆవిడ డాబా మీద సోలార్ ప్లేట్లు బిగించి, పక్కనే గెడకు పెద్ద లైటు కట్టాడు. అలల్ని ఆపడానికి పోసిన రాళ్ళ మధ్య బోట్లు రావడానికి ఒకటే సందు. చీకటి పడ్డాక ఆ లైటే దారి.

"నూనె పొయ్యక్కర్లేదు, ఎక్కడినుంచో వైరు రానక్కర్లేదు. కరెంటు మన డాబా మీదే పుడతది వదినా," అన్నాడు చినబాబు.

"పుట్టనీ, బారసాల చేద్దాం," అని వెక్కిరించింది అచ్చాయమ్మ.

కానీ ఆ తరవాత ఏ గాలివానకీ లైటు ఆరలేదు. అప్పటినుంచి ప్లేట్లను ఆవిడే కంటికి రెప్పలా చూసుకుంది. పొద్దున్నే లేచి వాటి మీది ఉప్పు తుడిచేది. ఎవరైనా బట్టలు ఆరేస్తే ఒంటికాలి మీద లేచేది.

కార్తీకంలో ముసురు పట్టింది. బుట్టల్లో నెత్తళ్ళ చేపలు మెత్తబడి కంపు కొట్టసాగాయి. ముసురు తెరిపిచ్చిన పొద్దున, వద్దన్నా వినకుండా ఆవిడ భర్త వీరాస్వామి బోటు తీశాడు. కాసేపటికి ఎండ వచ్చింది. చేపలు ఎండేద్దామంటే ఒడ్డున ఇసుక లేదు. డాబా అంతా తడి. పొడిగా, వెచ్చగా ఉన్నవి ప్లేట్లే.

"వదినా, ముసురుకి బ్యాటరీ అడుగంటింది. ఇయ్యాల్టి ఎండ దానికే కావాలి," అన్నాడు చినబాబు.

"ఒక్క పూటకి ఏంటంట! ఇసకంతా సముద్రం మింగేస్తే నన్నెక్కడ ఎండెయ్యమంటావు?"

ఆ నోటికి జడిసి చినబాబు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ ప్లేట్ల నిండా నెత్తళ్ళు పరిచేసింది. మధ్యాహ్నానికే మళ్ళీ మబ్బు కమ్మింది. అచ్చాయమ్మ గబగబా చేపలు ఎత్తేసింది గానీ, అప్పటికే ఎండ పోయింది.

పొద్దుగూకాక లైటు వెలిగింది. కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. చినబాబు జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు. అందులో చుక్క డీజిలు లేదు, రోడ్డు మళ్ళీ తెగింది. ఆడవాళ్ళు ఎత్తిపట్టిన సెల్‌ఫోన్ల వెలుగు అలల దాకా కూడా పోలేదు.

చీకట్లో ఇంజిను చప్పుడు వినబడింది. సందు వైపు కాదు, రాళ్ళ వైపు. అచ్చాయమ్మ నీళ్ళ అంచుకి పరిగెత్తింది. పెళ్ళయిన నాటినుంచి ఎన్నడూ పలకని మొగుడి పేరు పెట్టి, "వీరాస్వామీ, అటు కాదు!" అని గొంతు చించుకుంది. ఊరంతా జడిసే ఆ నోరు అలల హోరులో కలిసిపోయింది. రాళ్ళ దగ్గర ఇంజిను ఆగిపోయింది.

మర్నాడు ఎండ విరగకాసింది. అచ్చాయమ్మ డాబా ఎక్కి, ప్లేట్లకు అంటిన పొలుసులు గోళ్ళతో గీకింది. చీకటి పడగానే లైటు నిండుగా వెలిగింది. ఆ వెలుగులో జనం రాళ్ళ మధ్య వీరాస్వామి కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.