శిలాజం ముందు మాట్లాడని ఆమె

కాలిఫోర్నియాలో, శాన్ రామన్ దగ్గర ఒక చిన్న కాలేజీలో నేను ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. విక్టోరియా రాణి కాలపు కవిత్వం నా సబ్జెక్టు. జీవపరిణామం అన్న మాట కొత్తగా జనం నోళ్లలో పడ్డ కాలమది. మనిషి జంతువు నుంచి వచ్చాడంటే బెంగపెట్టుకున్నవాళ్లే, ఆ పరిణామపు మెట్లమీద ఆడది మగవాడికంటే కింద ఆగిపోయిందంటే మాత్రం తేలిగ్గా తలూపారు. అది కవితల్లోకీ ఎక్కింది.

పోయిన వసంతంలో, పదకొండో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో ఆ కాలపు కవిత ఒకటి ఇచ్చారు. సముద్రపొడ్డున ప్రియుడు ఒక శిలాజం చూపిస్తూ భూమి వయసు గురించి చెబుతుంటాడు. ప్రియురాలు వింటూ కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆమెకు అంతకుమించి పనేమీ లేదు.

“అమ్మా, షీ డజంట్ సే ఎనీథింగ్. ఎందుకు?” అంది.

“ఆలోచన మగవాడిదీ, కన్నీళ్లు ఆడదానివీ అనుకున్నారు. దానికి సైన్సని పేరు పెట్టారు,” అన్నాను.

శిలాజాలంటే మా పిల్లకు ప్రాణం. వాటి గురించే చదవాలని దాని కోరిక. ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ ఆదివారం తెలిసినవాళ్లింట్లో భోజనాలకు వెళ్లాం. మా వారు ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఆయన్ని తన ఇంట్లో ఉంచుకున్న డాక్టరుగారూ వచ్చారు. రిటైరైన పెద్దమనిషి. ఏం చదువుతావని అమ్మాయిని అడిగారు. చెబితే నవ్వారు.

“ఎండలో రాళ్లు తవ్వుతావా? పీడియాట్రిక్స్ తీసుకోమ్మా. ఎవల్యూషనే ఆడపిల్లల్ని అలా డిజైన్ చేసింది. నర్చరింగ్ మీ బ్లడ్‌లోనే ఉంది.”

ఆప్యాయంగానే అన్నారు. నన్ను కలవరపెట్టింది ఆ ఆప్యాయతే.

“నేను క్లాసులో చెప్పే కవులూ ఇలాగే అన్నారండీ, డాక్టరుగారూ. ఎక్కువ చదివితే ఆడవాళ్లకు పిల్లలు పుట్టరని అప్పటి డాక్టర్లు భయపెట్టారు కూడా. మేం చదివాం, కన్నాం కూడా,” అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఎవరో పెరుగు గిన్నె అందిస్తూ మాట మార్చారు.

కారెక్కగానే మా వారు, “అంత పెద్దాయనకి అక్కడ లెక్చర్ ఇవ్వాలా?” అన్నారు.

వెనక సీట్లోంచి అమ్మాయి, “నాన్నా, డూ యూ థింక్ హీ ఈజ్ రైట్?” అని అడిగింది.

మా వారు డ్రైవ్ చేస్తూనే అన్నారు, “మొత్తం కరెక్ట్ అని కాదురా. బయాలజీలో కొంత డిఫరెన్స్ ఉంటుంది కదా.”

అబద్ధం చెప్పే మనిషి కాదు మా వారు. ఆ ఒక్కసారికి చెప్పి ఉంటే బాగుండుననిపించింది.

ఆ నెలాఖర్లో, తల్లిదండ్రుల్నీ పిలిచిన ఒక సాయంత్రం, స్కూల్లో అమ్మాయి ఆ కవితకు జవాబుగా తనే ఒకటి రాసి చదివింది. అందులో ప్రియురాలు అతని చేతిలోంచి సుత్తి తీసుకుని, రాతిని ఎక్కడ కొట్టాలో చూపిస్తుంది. టీచరు మెచ్చుకుంది. మా వారూ వచ్చి గట్టిగా చప్పట్లు కొట్టారు.

కానీ ఫిజిక్స్‌లో ఏ డౌటొచ్చినా నాన్న దగ్గరికే పరుగెత్తే పిల్ల, ఇప్పుడు తలుపేసుకుని వీడియోలు చూసి నేర్చుకుంటోంది.

“హెల్ప్ చెయ్యనా?” అని ఈయన గుమ్మంలో నిలబడి అడుగుతారు.

“ఐ గాట్ ఇట్, నాన్నా,” అంటుంది మర్యాదగా.

ఎక్కడ తేడా వచ్చిందో ఆయనకు ఇంకా తట్టలేదు. చెప్పాల్సింది నేనా, అమ్మాయా అన్నది నాకూ తేలడం లేదు.