ముందే చెప్పి కొట్టిన గుద్దు

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేశాక వచ్చిన రెండో చలికాలంలో, ఖరగ్‌పూర్‌లో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న నాకు ఒక అదనపు బాధ్యత అప్పగించారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వారి వార్షిక ఆటల పోటీల్లో ఆ ఏడాది కొత్తగా వీడియో గేము చేర్చారు. రన్నింగ్ శాఖ జట్టుకు నేను మేనేజరుని. రన్నింగ్ శాఖ అంటే రైలుతో పాటు పరుగెత్తేవాళ్లం: లోకో పైలట్లు, వాళ్ల అసిస్టెంట్లు, గార్డులు. నన్నే ఎందుకు ఎంచారని అడిగితే, మా ఇంట్లో వీడియో గేము ఉందని విన్నామన్నారు పై అధికారి. ఉన్న మాట నిజమే. అది పనిచేస్తుందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

లోకో ఇన్‌స్పెక్టరు పని ఏమిటో ఒక ముక్క చెప్పాలి. కొందరు పైలట్లను మా పేరు మీద రాస్తారు. వాళ్లతో ఇంజనెక్కి, వెనక నిలబడి, వాళ్ల చేతులు చూడాలి, నోళ్లు వినాలి. సిగ్నల్ కనబడగానే పైలటు చెయ్యి చాచి దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. దీన్ని కాలింగ్ ఔట్ అంటారు. కన్ను పొరబడితే చెవి పట్టుకుంటుందని దీని ఉద్దేశం. నా కింద ఉన్నవాళ్లలో ఈ పని దేముడు అనే పైలటంత నిష్ఠగా చేసినవాడు లేడు. అతని గొంతుకి హిజ్లీ ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్న కుక్కలు లేచి, బండి ఏ లైన్లో వస్తోందో తెలుసుకుని, పక్క లైన్లోకి మారేవని నేను చెబితే నమ్మనివాళ్లున్నారు. వాళ్లెవరూ ఆ కుక్కల్ని విచారించలేదు.

పాపం, ఆ దేముడికి ఆ ఏడాదే కంటి పరీక్షలో ఏ-వన్ తరగతి పోయింది. అలా పోయినవాణ్ణి ఇంజను దించి కుర్చీ పని ఇస్తారు. దాన్ని డీకేటగరైజేషన్ అంటారు. పేరు పలికేలోపు సగం ప్రాణం పోతుంది. అతన్ని క్రూ లాబీలో కూర్చోబెట్టారు. డ్యూటీకి వచ్చినవాళ్ల చేత గొట్టంలో ఊదించి, తాగలేదని తేల్చుకుని పంపడం అక్కడి పని. అది అతనికి నచ్చలేదు. వీఆర్, అంటే గడువుకి ముందే పదవీ విరమణ, పెట్టేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు.

అతని భార్య రమణమ్మ గోల్‌బజార్‌లో చేపల దగ్గర నన్ను పట్టుకుంది.

“అన్నయ్యగోరూ, మీరే ఏదో ఒకటి సెయ్యాల. కుక్కరు కూత ఏత్తే సెయ్యి సాపుతున్నారు. పొయ్యి ఎలిగిత్తే ‘నీలం’ అని అరిసి, నాను తిరిగి అనీదాకా ఊరుకోరు. సెలవు రోజులకే ఇలాగుంటే, రోజూ ఇంట్లో కూకుంటే ఏటైపోవాల?”

నవ్వుతూనే అంది కానీ, బుట్టలో వేసిన చేపని మళ్లీ తీసి మళ్లీ వేసింది. పని మానేసిన మరునాటి నుంచే ఈ మనిషి మంచానికి అతుక్కుపోతాడని ఆమె భయం. నాకూ అదే అనిపించింది.

అందుకని దేముణ్ణే జట్టులోకి పిలిచాను. “పిల్లల ఆట నాకేటి సారూ?” అన్నాడు. వర్క్‌షాపు తరఫున ఆడేది ఫిట్టరు జోసెఫ్ అని చెప్పాను. వాళ్లిద్దరూ పక్కపక్క క్వార్టర్లలో పెరిగి, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఇంజను దిగినప్పటి నుంచి జోసెఫ్ ఇతన్ని ‘మాజీ డైవరుగారూ’ అని పిలుస్తున్నాడు. ఆ పేరు వినగానే దేముడు, “సరే సారూ. ఆణ్ణి ఓడిత్తే లాబీలో ఉండాలో లేదో అప్పుడు సూత్తాను. ఓడిపోనానో, పోటీ మర్నాడు సోమారం పొద్దున్నే వీఆర్ కాయితం మీ బల్ల మీదుంటాది,” అన్నాడు.

ఆట సంగతి. తెర మీద ఇద్దరు మనుషులు కొట్టుకుంటారు. మామూలు గుద్దు, తన్ను ఎవరైనా వేయగలరు. గెలిపించేవి ప్రత్యేకమైన దెబ్బలు. ఎగురు గుద్దు వేయాలంటే చేతిలోని జాయ్‌స్టిక్ పుల్లని ముందుకు నెట్టి, కిందకు లాగి, ఆ రెంటికీ నడుమ మూలకు తిప్పి, అక్కడుండగానే గుద్దు మీట నొక్కాలి. అంతా రెప్పపాటులో జరగాలి. అప్పుడు మన మనిషి పిడికిలెత్తి గాల్లోకి లేస్తాడు. ఎదుటివాడు నేల మీద చేతులడ్డం పెట్టుకుని కాచుకుంటే ఏమీ కాదు. ఎగిరి ఉంటే మాత్రం అయిపోయినట్టే. రెండోది పట్టు. దీనికి కాచుకోవడం పనిచేయదు, ఎగిరి తప్పించుకోవాలి. గుద్దుకి కాచుకోవాలి, పట్టుకి ఎగరాలి. ఇంతే శాస్త్రం.

దేముడిది ఇంజను హ్యాండిల్‌కి అలవాటు పడిన చెయ్యి. ఒక నాచ్, అంటే వేగం పెంచే ఒక మెట్టు, ఎక్కించి, మీటరు ముల్లు నిలకడగా నిలిచేదాకా ఆగి, అప్పుడు రెండో నాచ్‌కి వెళ్లే చెయ్యి. పుల్ల ముందుకు నెట్టి ఆగేవాడు. తెర మీది మనిషి ఒకడుగు ముందుకేసేవాడు. కిందకు లాగి ఆగేవాడు, వాడు గొంతుక్కూర్చునేవాడు. ఆ తరువాత మీట నొక్కితే, కూర్చున్నచోటి నుంచే ఎదుటివాడి మోకాలు పొడిచేవాడు. “దేముడన్నా, మీవోడికి సెంబిచ్చి పంపకపోనావా” అని సాటి పైలట్లు వెనక నుంచి సానుభూతి తెలిపేవారు.

వారం గడిచినా అదే కూర్చోవడం. ఒకరోజు వెనక నిలబడి చూస్తూ, అలవాటు కొద్దీ, “కాలింగ్ ఔట్ ఏదీ?” అన్నాను. ఇన్‌స్పెక్టరు నోటి వెంట ఆ మాట వినగానే దేముడు నిటారుగా అయ్యాడు. టీవీకేసి వేలు చాచి “ఎగురు గుద్దు!” అని గర్జించాడు. నేను తిరిగి అన్నాను. అతను ఒక్క ఊపిరిలో “ముందు-కింద-మూల-గుద్దు” అనుకుంటూ పుల్ల తిప్పాడు. తెర మీది మనిషి ఆకాశానికి లేచాడు. అతని చేతికి వేగం నేర్పేది నోరని అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి పైకి చెప్పి వేసిన దెబ్బ తప్పలేదు. నోరు మూసుకుని వేసినది ఒక్కటీ పడలేదు.

చిక్కల్లా ఒకటే. ఎదుటివాడికీ చెవులుంటాయి.

పోటీ ఆదివారం మధ్యాహ్నం, ఇన్‌స్టిట్యూట్ హాల్లో. మూడు రౌండ్లు, రెండు గెలిచినవాడిది కప్పు. అంపైరు అకౌంట్స్ శాఖ మిత్రా దాదా. ఒకవైపు వర్క్‌షాపు జనం, మరోవైపు మావాళ్లు, ముందు వరుసలో రమణమ్మ.

మొదటి రౌండులో దేముడు పద్ధతి ప్రకారం వేలు చాచి “ఎగురు గుద్దు!” అన్నాడు. జోసెఫ్ కాచుకున్నాడు. “పట్టు!” అన్నాడు. జోసెఫ్ ఎగిరాడు. చివరికి జోసెఫ్ తెర చూడటమే మానేసి, “ఒరే దేముడూ, నాకు టీవీ ఎందుకురా, రేడియో సాలు!” అన్నాడు. హాలంతా నవ్వింది. రౌండు పోయింది.

రెండో రౌండులో ఆ నవ్వే మమ్మల్ని ఆదుకుంది. జోసెఫ్ తనవాళ్ల కేసి తిరిగి చెయ్యి ఊపుతుంటే, దేముడు ఉత్త తన్నులతోనే పని కానిచ్చేశాడు. సమానమయ్యారు.

మూడో రౌండుకి ముందు కాస్త విరామం. దేముడు చెమట తుడుచుకుంటున్నాడు. రమణమ్మ నాకేసి చూసింది. నేను వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, రహస్యం చెప్పేవాడిలా వంగి, జోసెఫ్‌కి వినబడేంత గొంతుతో అన్నాను: “ఈసారి తప్పుడు కాలింగ్ చెయ్యి. గుద్దు అని అరిచి పట్టు వెయ్యి.”

దేముడు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఎర్ర సిగ్నల్‌ని పచ్చ అనమన్నట్టు చూశాడు. పళ్ల బిగువున, నాకు మాత్రమే వినబడేలా, “తప్పుడు కాలింగా? మీరేనా సారూ, ఈ మాట? నా గొంతులోంచి ఈ జన్మకి రాదు,” అన్నాడు.

రాదని నాకు తెలుసు. అతని వెనక నిలబడి అన్నేళ్లు విన్నది నేనే కదా. “ఆఁ, అదీ! అచ్చం అలాగే కానియ్యి” అని వీపు తట్టి వచ్చేశాను. జోసెఫ్ పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది.

మూడో రౌండు నత్తనడక నడిచింది. ఇద్దరికీ ఇక ఒక్క దెబ్బ ప్రాణం మిగిలింది. దేముడు వెన్ను నిటారుగా చేశాడు. వేలు చాచాడు.

“ఎగురు గుద్దు!”

గుద్దు అన్నాడంటే పట్టు వేస్తాడని జోసెఫ్ లెక్క. పట్టుకి ఎగరాలి. ఎగిరాడు. కింద నుంచి లేచిన పిడికిలి గాల్లోనే ఎదురొచ్చి స్వాగతం చెప్పింది.

అంతలో మా వైపున్న పైలట్లూ అసిస్టెంట్లూ, ఎవరూ చెప్పకుండానే, ఒక్క గొంతుతో “ఎగురు గుద్దు!” అని తిరిగి అన్నారు. ఆ అరుపు సాలువా దాకా వినబడి, అక్కడి పోలీసు క్యాంపులో ఎవరో సావధాన్‌లోకి వచ్చారని ప్రతీతి. ప్రతీతి నాదే.

జోసెఫ్ మిత్రా దాదా దగ్గరికి పరుగెత్తాడు. “అన్నాయం దాదా! ఈడు నిజమే సెప్పినాడు!” మిత్రా దాదా నిబంధనలు తిరగేసి, నిజం చెప్పకూడదని ఎక్కడా లేదని తీర్పిచ్చాడు.

సోమవారం ఉదయం దేముడు నా గదికి వచ్చి నిలబడ్డాడు. కృతజ్ఞతలు చెబుతాడని కుర్చీలో వెనక్కి వాలాను.

“వీఆర్ పెట్టను సారూ,” అన్నాడు.

“గెలిచావు కదా మరి,” అన్నాను.

“గెలిసినానని కాదు. తప్పుడు కాలింగ్ సెయ్యమనీ ఇన్‌స్పెక్టర్లున్న సోట కొత్తోల్లని ఎవులు సూత్తారు? నాను లాబీలోనే కూకుంతాను. గొట్టం ఊదిన పెతోడి సేతా కాలింగ్ సెప్పించి, అప్పుడే బండెక్కిత్తాను.”

అన్నట్టే ఇప్పటికీ చేస్తున్నాడు. లాబీ గడప దాటాలంటే అతని ముందు గొంతు విప్పాల్సిందే. నాతో మాత్రం ఆనాటి నుంచి ఉద్యోగ విషయాలు తప్ప మాట్లాడలేదు. ఆ సలహా జోసెఫ్ చెవి కోసమని నేను అతనికి చెప్పలేదు; చెబితే కోపం చల్లారుతుంది, కోపం చల్లారితే వీఆర్ గుర్తుకొస్తుంది. ఆ తరువాత వీఆర్ తీసుకున్నది నేను. వీడ్కోలు సభలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది దేముడు. ఇది అచ్చయితే చదువుతాడేమోనన్న భయం నాకు లేదు. నేను రాసినది ఏదీ అతను నమ్మడు.

ఆ ఉదంతం వల్ల నాకు తెలిసిందిది: మనిషిని పనిలో నిలబెట్టడానికి పొగడ్తా అక్కర్లేదు, కప్పూ అక్కర్లేదు. తాను లేకపోతే శాఖ చెడిపోతుందన్న అనుమానం ఒకటి కలిగిస్తే, మిగతాది అతనే చూసుకుంటాడు.