గుర్రు ఆగితే నిమ్మళమనుకున్నాం

రెండువేల సంవత్సరం దాటాక, నాకు నలభై నిండిన రోజుల్లో, ఉబ్బసం మందులకు లొంగడం మానేసింది. గద్వాలలో మాది నేత ఇల్లు. నేను నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసే గుంత మగ్గం మీద చీరలు నేసేవాణ్ణి. కొత్త అంచు వేయాలంటే ఎన్ని పోగులు కావాలో పక్క ఇళ్లవాళ్లకు లెక్క కట్టి చెప్పేవాణ్ణి కూడా. ఆ లెక్క బడిలో నేర్చింది కాదు, పోగుల దగ్గరే పట్టుబడింది.

ఉబ్బసం లెక్క మాత్రం అంతు చిక్కలేదు. పీల్చే మందు పెంచారు, ఆయాసం తగ్గలేదు. మాత్రలు ఇచ్చారు, కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. దూదిపొడి పడటం లేదు, మగ్గం మానుకో అన్నాడు డాక్టరు. సరేనని వనపర్తిలో చెల్లెలింటికి వెళ్లి కొన్ని వారాలున్నాను. అక్కడ మగ్గమూ లేదు, దూదీ లేదు. అయినా పొద్దున లేస్తే ఛాతీలో అదే పిల్లికూత, తల అంతే బరువు. దూదిని తీసేసినా జవాబు మారలేదంటే తప్పు ఎక్కడుందో నాకు తోచలేదు.

తిరిగి వచ్చేసరికి మా బామ్మర్ది వాకిట్లో మట్టి పోయించి ఉంచాడు.

"ఇగ గుంత పూడ్చేస్త బావా. ఎట్లయినా నువ్వు దాంట్ల కూసొని కునుకులే తీస్తుంటివి. అది మగ్గమా, మంచమా?"

"జర ఆగు. ఇంకా ఏం తేలలే."

"నీకు తేలేదాంక మట్టి ఉంటదా? వానకు కొట్కపోతది."

కునుకుల మాట నిజమే. పేక పోగు నడిపే నాడె చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడేవి. దగ్గుతో రాత్రులు సరిగా నిద్ర లేక అనుకునేవాణ్ణి. గుంత పూడితే నేను మళ్లీ మగ్గం మీద కూర్చోవడం కల్ల. అందుకని ఇంకొకరికి చూపించుకుందామని కర్నూలు వెళ్లాం.

అక్కడి డాక్టరు నా ఛాతీ కంటే ముందు మెడ చూశాడు. తర్వాత మా ఆవిణ్ణి అడిగాడు.

"గురక పెడతాడా?"

"గురకనా సారూ! పక్కింటోళ్లు గూడ తిడ్తరు. నడుమ నడుమ ఆగుతది. అప్పుడు జర నిమ్మళమయిండని నేను గూడ కన్ను మూస్త."

"ఆగినప్పుడు ఊపిరి ఆడుతుందా?"

ఆమె నావైపు చూసింది. వంటింట్లో రొట్టె కాలుస్తూనే మగ్గం చప్పుడు ఆగిందంటే "పోగు తెగిందా?" అని కేకేసే మనిషి. ఆ చెవులే నా గుర్రు ఆగితే చల్లబడ్డాయి.

"తెల్వదు సారూ," అంది చిన్నగా.

హైదరాబాదులో ఒంటికి వైర్లు పెట్టి పడుకోబెట్టారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని తేలింది. ఉబ్బసమూ నిజమే, ఇదీ నిజమే, ఒకటి రెండోదాన్ని రేపుతుంది, మందు మానొద్దు అన్నారు. ఉబ్బసానికి మింగిన మాత్రలతో ఒళ్లు పెరిగి మెడ లావెక్కింది, దానితో గొంతు ఇంకా ఇరుకైంది. ముందు ఏది, తర్వాత ఏది అని ఎన్నిసార్లు మొదటి నుంచి లెక్క వేసుకున్నా నాకు తేలలేదు.

ముక్కుకు తొడుక్కుని పడుకునే గాలి మిషను ఇచ్చారు. పగటి కునుకులు పోయాయి. రాత్రంతా కరెంటు లేక మిషను ఆగితే మరునాడు మళ్లీ వచ్చేవి. పిల్లికూత కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మగ్గం సంగతి అడిగితే, మూతికి గుడ్డ కట్టుకుని కొద్దికొద్దిగా నేసి చూడమన్నాడు డాక్టరు. అలాగే నేశాను. కళ్లు మూతపడలేదు. సాయంత్రానికి ఛాతీ మాత్రం పట్టేసింది. అది దూదిపొడి వల్లో, ముందురాత్రి కాసేపు కరెంటు పోయినందుకో చెప్పలేను.

బామ్మర్ది పార పట్టుకుని వచ్చాడు.

"పూడ్చాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు బావా."

"తెల్వదు," అన్నాను. "తెలిసేదాంక నేస్త."

వాడు పార గోడకు ఆనించి, మట్టి కుప్ప మీద కూర్చుని బీడీ తీశాడు. నన్ను చూసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.