కప్పని పరదా

ఎన్నో ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించేవాణ్ణి. దీన్ని ఎక్కడ దించాలో తెలియలేదు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పడానికి ధైర్యం వచ్చింది.

కోరుట్ల దగ్గర ఒక పసుపు గోదాములో హమాలీని. వాయిదా వ్యాపారం సరుకు దిగే గోదాం అది. అంటే ఫలానా తేదీకి ఇంత పసుపు ఇస్తామని ముందే ధర ఒప్పుకుని అమ్ముతారు. ఆ తేదీలోపు సరుకు మా దగ్గరికి చేరాలి. చేరితే సరిపోదు, మిషన్ పెట్టి తేమ చూస్తారు. ఎక్కువుంటే తీసుకోరు. ఎవరు బతిమాలినా వినరు, రూలు అట్లాంటిది. పరీక్ష పాసయ్యేదాకా బస్తాలు బయట అరుగు మీదే ఉండాలి. అప్పటిదాకా ఏం జరిగినా బాధ్యత రైతుదే.

ఆ ఏడాది మా దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు రైతులు కొందరు సంఘంగా కలిసి మొదటిసారి అట్లా అమ్మారు. వాళ్లను ఒప్పించింది మల్లన్న. ధర ఎప్పుడు పడుతుందోనని రోజూ భయపడే పని ఉండదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. అందరి సరుకూ వచ్చింది. ఆఖరి లోడు మల్లన్న సొంతది. మర్నాటితో గడువు ముగుస్తుంది.

సాయంత్రం బస్తాలు దించాను. పరదా కప్పమని, మబ్బు లేదని వదిలేయొద్దని చెప్పి మల్లన్న ఊరికి పోయాడు. సరే అన్నాను. అప్పుడే జగిత్యాల పోయే ఆటో గేటు ముందు ఆగింది. అక్కడ బావమరిది ఇంట్లో దావత్ ఉంది. ఆకాశం చూశాను, తేటగా ఉంది. పరదా పెద్దది, బరువు, ఒక్కడినే లాగాలి. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఎక్కి కూర్చున్నాను.

అన్నం తింటుంటే వాన మొదలైంది. ఇది జగిత్యాల వాన, కోరుట్లలో పడుతుందా ఏమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకో ముక్క వేయించుకుని తిన్నాను కూడా.

పొద్దున వచ్చి చూస్తే గాలి కొట్టిన వైపు బస్తాలన్నీ తడిసి ఉన్నాయి. ఇంకా ఎవరూ రాలేదు. అప్పుడే వాటిని విడివిడిగా ఎండలోకి లాగి ఉంటే మధ్యాహ్నానికి చాలావరకు ఆరేవేమో. నేను అది చేయలేదు. పరదా తెచ్చి మొత్తం కప్పి తాడు కట్టాను. రాత్రంతా కప్పే ఉన్నట్టు కనబడాలని. తడి బస్తాలను కప్పితే ఉక్కకు చెమ్మ లోపలి పసుపు కొమ్ములకు దిగుతుంది. ఈ పని చేసే ఎవరికైనా అది తెలుసు. నాకూ తెలుసు. తెలిసే కప్పాను.

పరీక్ష వాళ్లు వచ్చే ముందు పరదా తీశాను. ఎండకు గోనె పైపైన ఆరింది. బస్తాల్లోంచి కొమ్ములు తీసి మిషన్ పెట్టారు. తేమ ఎక్కువుంది, తీసుకోము అన్నారు.

మల్లన్న, ఆయన భార్య లస్మి వదినె అప్పుడే బండి మీద వచ్చారు. మల్లన్న నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"రాత్రి ఈడ ఆన కొట్టిందట. పరదా కప్పినవు గదా తమ్మీ?"

"కప్పిన అన్న."

"గట్టిగ కట్టినవా?"

"కట్టిన. జరసేపాయె, నేనే ఇప్పిన."

ఆయన నమ్మాడు. వదినె వైపు తిరిగాడు.

"ఇంకో నాలుగొద్దులు ఎండనియ్యే అంటే ఇన్నవా? కల్లం ఖాళీ చెయ్యాలె, చెయ్యాలె అని నా పానం తీస్తివి."

"ఎండినయయ్యా. నేను ఇరిసి జూసిన. టక్కున ఇరిగినయి."

"గా సప్పుడు మిషన్‌కు ఇనబడలేదటనే వదినె," అన్నాడు సంఘంలో ఒకతను. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆమె నన్ను చూసింది. "తమ్మీ, నువ్వు మోసినవు గద. బస్తాలు అల్కగనే ఉండె గదా? నువ్వన్న చెప్పు."

తేలిగ్గానే ఉన్నాయి, ఎండిన సరుకు లెక్క. నా భుజానికి తెలుసు.

"యాది లేదు వదినె," అన్నాను.

మళ్లీ ఆరబెట్టడానికి గడువు లేదు. ఒప్పుకున్నంత సరుకు చేరలేదని సంఘానికి జరిమానా పడింది. మల్లన్న అర్జీ పెడితే ఎంక్వైరీకి ఒక సారు వచ్చాడు. మంచివాడే. వాన పడ్డప్పుడు బస్తాల మీద పరదా ఉందా అని రెండుసార్లు అడిగాడు. ఉందని రెండుసార్లూ చెప్పాను. సంఘం ఆ ఏడాదితోనే విడిపోయింది. మల్లన్న పసుపు మానేసి మక్కజొన్న వేస్తున్నాడు.

ఎందుకు చెప్పలేదు? మొదట పని పోతుందని భయం. అది నిజమే. కానీ తర్వాత అప్పుడు మా మీదున్న సూపర్‌వైజర్ మారాడు, గోదాం వాళ్లూ మారారు, నన్ను ఎవరూ ఏమీ చేయలేని రోజులు వచ్చాయి, అప్పుడు కూడా నోరు తెరవలేదంటే దాన్ని భయం అని ఎట్లా అనాలి? నింద నా మీద లేదు కదా అని హాయిగా ఉన్నానా? ఉన్నాననే అనుకుంటున్నాను.

పోయిన ఎండాకాలం లోడు కోసం వాళ్ల ఊరికి పోయాను. వేరేవాళ్ల కల్లంలో లస్మి వదినె కూలికి పసుపు తిరగేస్తోంది. నన్ను చూసి గుప్పిట్లో కొమ్ములు పట్టుకుని వచ్చింది. ఎండాయో లేదో చూడమంది. నువ్వే చూడు వదినె అన్నాను. తనకు ఇప్పుడు సమజు కావడం లేదంది. అప్పటి నుంచి ఎవరో ఒకరికి చూపించుకుంటేనే ధైర్యమట. నవ్వుతూనే చెప్పింది.

ఒకటి విరిచాను. టక్కుమంది. ఎండింది అన్నాను.

"నువ్వన్నవంటే సరే తమ్మీ," అని వెళ్లిపోయింది.

చిన్నప్పటి నుంచి చేసిన పని. ఆ చేతుల మీద ఆమెకే నమ్మకం పోయింది. జరిమానా ఎట్లాగో తీరిపోయి ఉంటుంది. ఇది ఎట్లా తీరుతుంది? అప్పుడే ఆమెను వెనక్కి పిలిస్తే అయిపోయేది. లారీ నిండుతోందని, డ్రైవర్ తొందర పెడుతున్నాడని సాకు చెప్పుకున్నాను.

ఇది రాసినందుకు ఆమెకు ఏమీ తిరిగి రాదు. ఈ ఎండాకాలం కూడా ఎవరినో అడుగుతూనే ఉంటుంది. నన్ను మాఫ్ చేయమని రాయడం లేదు, మాఫ్ చేయడానికి మీరు ఆమె కాదు. ఎవరైనా పోయి ఆమెకు చెబుతారేమోనని భయంగా ఉంది. చెబితే బాగుండునని కూడా ఉంది. ఒక్క మాట మాత్రం నా నోటి నుంచి ఎన్నడూ రానిది, ఇప్పుడు చేతి నుంచి వచ్చింది. రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. ఇంకోసారి, సూటిగా రాస్తాను.

ఆ రాత్రి నేను పరదా కప్పలేదు.