చేలో వదలని ఎడం

ఎదుటివారు మాట మధ్యలో ఆగినప్పుడు మీరేం చేస్తారు? వేచి ఉంటారా, ఆ ఖాళీలో మీ మాట నాటేస్తారా?

కాకినాడ కాలేజీలో చర్చాపోటీలకు తయారవుతూ నేను రెండోదే నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే ‘ఎడ’ అనే పాత మాట మీద ప్రసంగించి బహుమతి తెచ్చుకున్నాను. కావ్యభాషలో అది చోటు. ‘వచ్చునెడ’ అంటే వచ్చే వేళ. ‘ఎడబాటు’లో దూరం. ‘నా యెడ దయ’ అన్నప్పుడు మాత్రం ఒక మనిషి వైపు తిరిగిన మనసు. దూరానికీ దగ్గరితనానికీ ఒకే మాట ఎలా సరిపోయిందని సభను నిలదీశాను. జవాబు నాకూ తెలియదు.

రామచంద్రపురం దగ్గర మా చేలో నాన్న ‘ఎడం’ అనేవారు. వరి నారు నాటే ఊడ్పులప్పుడు ప్రతి బారెడుకూ జానెడు బాట వదిలించేవారు. నాకు బహుమతి వచ్చిన ఏడు, వానాకాలపు సార్వా ఊడ్పుల నాటికి ఆయన గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉండి, చేను నాకు అప్పగించారు.

“ఇంత నేల ఖాళీగా ఎందుకండీ? మొత్తం ఊడ్చేయండి,” అన్నాను, ఊడ్పు కూలీల పెద్దావిడతో.

“బాటలు లేకపోతే నాన్నగారు ఊరుకోరండి.”

“కారణం చెప్పండి మరి.”

“కారణాలు చెప్పడానికి మేం కాలేజీలో చదివామా ఏంటండీ? తమరు చెప్పాక తప్పుద్దా!”

ఆడవాళ్లందరూ నవ్వారు. బాటలు పూడిపోయాయి.

చేను కంకి వేయబోతూ పొట్ట మీద ఉండగా సుడిదోమ పట్టింది. గాలాడని పైరు మొదళ్ల నుంచి ఎండి, గుండ్రంగా పడిపోయింది. ఆ పంట చూడాలనే నాన్న తొందరపడి ఇంటికి వచ్చారు. కారు దిగి నేరుగా గట్టు మీదికి నడిచారు.

“ఎడం వదల్లేదేంటమ్మా... నేనూ...”

ఆయాసంతో ఆగారు. ఆ ఖాళీలో నేను దూరాను. పక్క చేలకూ పట్టిందన్నాను, మందు ఆలస్యమైందన్నాను, బాటల వల్లే ఆగేదని రుజువేమిటన్నాను. ఆయన అంతా విన్నారు.

“సరేలేమ్మా,” అన్నారు.

కోతలకు ముందే పోయారు. తానూ ఒకప్పుడు ఇలాగే పొరబడ్డానని చెప్పబోయారో, మందలించబోయారో, ‘నేనూ’ తర్వాతి మాట ఏ నిఘంటువులోనూ లేదు.

మరుసటి సార్వాకు తాడు పట్టి బాటలు నేనే తీయించాను. పెద్దావిడ ఈసారి నవ్వలేదు.

ఈ రోజు మీ ఇంట్లో ఎవరైనా మాట మధ్యలో ఆగితే, దయచేసి ఆ చోటు పూడ్చకండి. వారు ముగించేదాకా ఆగండి.