మా అమ్మాయికి బడి వెతికిన వేసవి

ఎచ్చెర్ల దగ్గర ఒక బి.ఎడ్. కాలేజీలో నేను పద్నాలుగేళ్లుగా పిల్లల మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉండరని, అందర్నీ ఒకే మూసలో పోయకూడదని, ప్రశ్నలడిగే పిల్ల ఉండడం తరగతికి అదృష్టమని నేను చెబుతుంటే కాబోయే టీచర్లు తలలు వంచుకుని రాసుకుంటారు. ఆ పాఠం పేరు వైయక్తిక భేదాలు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి అందరూ శ్రద్ధగానే వింటారు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పాఠంతో మా ఇంట్లో ఎవరికీ పని పడలేదు.

అప్పట్లో అది శ్రీకాకుళంలో మా వీధి చివరి ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదువుతోంది. మార్చిలో ఒకరోజు క్లాస్ టీచర్ నన్ను రమ్మని కబురు చేసింది. వెళ్లి చూస్తే ఆమె నా దగ్గర చదువుకున్న అమ్మాయే. నన్ను పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టి లెక్కల పేపరు చూపించింది. నలభై మామిడిపళ్లను ఎనిమిదిమందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయన్నది ప్రశ్న. "ఐదు. కానీ పళ్లన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి గొడవ అవుతుంది" అని మా అమ్మాయి రాసింది. టీచరు సున్నా వేస్తే, ఐదు తప్పా, గొడవ తప్పా అని అందరి ముందూ అడిగిందట. ఐదో ఎక్కం ఐదుసార్లు రాయమంటే ఒక్కసారి రాసి, కింద "మిగతా నాలుగూ ఇలాగే ఉంటాయి" అని పెట్టిందట.

"మీరే చెప్పీవోరు కదా మేడం, పిల్లలందరూ ఒక్కలాగుండరని. ఈ పాపకి మా స్కూలు సరిపోదు మేడం. దానికి తగ్గది సూసుకోండి" అంది. వెటకారం ఏమీ లేదు. నేను చెప్పిన నోట్స్ ఇప్పటికీ దాచుకుందని కూడా చెప్పింది. ఆమె మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పరీక్షలో అదే జవాబు రాస్తే నేనే పదికి ఎనిమిది మార్కులు వేసేదాన్ని.

మా ఆయన గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ లేబొరేటరీలో పనిచేస్తారు. పొద్దున్న రైలుకి వెళ్లి సాయంత్రం రైలుకి వస్తారు. ఆ రోజు ఇంటికొచ్చి అంతా విని, పిల్ల తెలివైనది కాబట్టి పెద్ద స్కూల్లో వేద్దామన్నారు. మా అత్తగారు వంటింట్లోంచి, "ఆ గుంటకేటయ్యింది? బాగానే మాటాడతన్నాది కదా. మన సంఘం బడి ఉన్నాది, అందులో ఎయ్యండి" అన్నారు. నేను నవ్వేశాను. ఆదివారం మేం వెళ్లే చర్చి ఆవరణలోనే ఉందా బడి. బల్లలు వరసల్లో వేసి, ఎక్కాలు గొంతెత్తి చదివిస్తారు. పాతకాలపు బోధన అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి క్లాసులో నేను ఆ బడినే ఉదాహరణగా చెబుతుంటాను, పేరెత్తకుండా.

ముందు విజయనగరంలో ఒక పెద్ద స్కూలుకి వెళ్లాం. అక్కడ గంట పరీక్ష పెట్టారు. మా అమ్మాయి ఇరవై నిమిషాల్లో రాసేసి, మిగతా టైములో ప్రశ్నపత్రంలోని అచ్చుతప్పులు పెన్సిల్‌తో దిద్దింది. టై కట్టుకున్న ఇన్‌చార్జి పేపరు చూసి చాలా సంతోషించాడు.

"బ్రెయిన్ ఉంది మేడం. స్పెషల్ బ్యాచ్‌లో వేసేద్దాం. ఒక్క అలవాటు మాత్రం మాన్పించాలి."

"ఏ అలవాటు?" అన్నాను.

"ప్రశ్న పూర్తిగా చదువుతోంది. దాంతో టైమ్ వేస్ట్. మా పిల్లలు ఆప్షన్లు చూసి పెట్టేస్తారు."

మా ఆయన నావైపు చూశారు. ఆ స్కూలు సంగతి అక్కడితో వదిలేశాం. వస్తూ రైల్లో మా అమ్మాయి, ఆ పేపరులో తొమ్మిది తప్పులున్నాయని, వాళ్లు తనకి మార్కులు వేశారు గాని తాను వాళ్లకి వేయలేదని అంది.

ఆ తర్వాత నేను ఎంతో ఇష్టపడి ఎంచుకున్న బడి జీడితోటల మధ్య ఉంది. గంట లేదు, తరగతుల్లేవు, పరీక్షల్లేవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చిన ఒకాయన నడుపుతున్నారు. చెప్పుల్లేకుండా తిరుగుతారు, పిల్లలంతా ఆయన్ని అన్నా అని పిలుస్తారు. పిల్లలు చెప్పేది వినడం ఎంత ముఖ్యమో ఆయన మాకు గంటన్నరసేపు వివరించారు. ఆ గంటన్నరలో మా అమ్మాయి ఏదో చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయింది. నేను మాత్రం తన్మయంగా తల ఊపుతూ కూర్చున్నాను. అది నా పాఠమే మరి, చెట్ల నీడలో ఇంకా బాగా వినిపించింది.

వేసవిలో వారం రోజులు పంపి చూడమన్నారు. నాలుగు రోజులు వెళ్లింది. ఐదోరోజు పొద్దున్న మంచం దిగలేదు.

"పొద్దున్నే ఏం నేర్చుకోవాలనుందని అడుగుతారమ్మా. నాకు తెలీనివి ఏమేం ఉన్నాయో నాకెలా తెలుస్తుంది?"

పద్నాలుగేళ్లలో నేను వెళ్లిన సెమినార్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. తర్వాత అసలు సంగతి చెప్పింది. చేపలకి దాహం వేస్తుందా అని అన్నని అడిగిందట. నీకేమనిపిస్తోంది అన్నారట ఆయన. వేస్తుందనిపిస్తోంది అంటే, చాలా బాగుంది అన్నారట. పక్కనున్న అబ్బాయి వేయదన్నాడట. అతనితోనూ చాలా బాగుంది అన్నారట.

"ఇద్దరిదీ ఎలా బాగుంటుందమ్మా?"

నాకూ తెలియదు. తెలియదని చెప్పడం ఇష్టంలేక, నువ్వే ఆలోచించు అన్నాను. అది నావైపు చూసి గోడకేసి తిరిగి పడుకుంది.

జూన్ మొదటివారంలో అత్తగారు స్త్రీల సమాజం మీటింగుకి దింపమంటే స్కూటీ మీద చర్చికి తీసుకెళ్లాను. మా అమ్మాయీ ముందు నిలబడి వచ్చింది. బడి వరండాలో హెడ్మిస్ట్రెస్ గారు రిజిస్టరులో కొత్త పిల్లల పేర్లు రాసుకుంటున్నారు. నేను స్కూటీకి స్టాండ్ వేసేలోగా అది ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంది.

"చేపలకి దాహం వేస్తుందాండీ?"

ఆవిడ కలం కింద పెట్టారు. "నాకు తెలీదమ్మా" అన్నారు. తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, "మీది సముద్రం పక్క కళింగపట్నం కదా, మీకేటైనా తెల్సా?" అని అడిగారు.

"ఇన్నేళ్లూ కోసి కూరొండినాను గాని, అడగనేదు" అన్నారు మా అత్తగారు.

"అయితే ఎవుర్నైనా కనుక్కుని రేపు సెప్తాను. రేపు రా."

పెద్దవాళ్లు పిల్లలతో రేపు అంటే దానికి అర్థమేమిటో నాకు తెలుసు. కానీ మర్నాడు తొమ్మిదికల్లా మా అమ్మాయి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"మా మేనల్లుడు చేపల ఆఫీసులో ఉన్నాడు, ఫోన్ సేసి అడిగినాను" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "సముద్రం చేప నీళ్లు తాగుతాదట. చెరువు చేప తాగదట, దానికి నీళ్లు ఒంట్లోకి వాటంతటవే వచ్చేస్తాయట."

"అయితే ఇద్దరం కరెక్టే" అంది మా అమ్మాయి. ఆ అబ్బాయికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని కాసేపు ఆలోచించింది. ఆవిడ దాన్ని ఎక్కువసేపు ఆలోచించనివ్వలేదు.

"ఈ బళ్లో చేరితే రెండు జడలెయ్యాల. లేటుగా వస్తే బయట నిల్చోబెడతాను. పదిసార్లు రాయమంటే పదిసార్లూ రాయాల."

"పదిసార్లు ఎందుకు?"

ఇక్కడే చెడుతుందనుకున్నాను. ఆవిడ ఒక కాగితం ఇచ్చి పేరు రాయమన్నారు. రాసింది. దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు.

"నాను సదవలేకపోతన్నాను. అందుకు."

మా అమ్మాయి ఆ కాగితాన్ని తనూ ఒకసారి చూసుకుంది. "సరే" అంది.

ఎక్కం ఐదుసార్లు ఎందుకు రాయాలో దానికి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదని నాకప్పుడు తోచింది. నేను కూడా చెప్పలేదు. సంతోషించాల్సిన చోట నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఆ బడి మీద నా దగ్గర ఎన్నో అభ్యంతరాలున్నాయి, వాటిని ఎవరూ అడగలేదు.

జూన్‌లో చేరింది. ఎక్కాలు గొంతెత్తి చదువుతోంది. పదిసార్లు రాయమంటే ఎనిమిదోసారికి అక్షరం బాగుపడిందని, ఇక రెండుసార్లు మిగుల్చుకుంటానని బేరం పెట్టిందట. ఆవిడ తొమ్మిదికి ఒప్పుకున్నారట.

నేను ప్రతి శనివారం వెళ్లి ఆవిడతో మాట్లాడేదాన్ని. పిల్ల ప్రశ్నల్ని అణిచేస్తున్నారేమోనని, వరసలో కూర్చోవడం వల్ల దాని ఊహాశక్తి దెబ్బతింటుందేమోనని అడిగేదాన్ని. ఆగస్టులో ఒక శనివారం ఆవిడ నాకు టీ తెప్పించి, తాగేదాకా ఆగారు.

"పిల్లతో మాకేటీ ఇబ్బంది నేదమ్మా. అడుగుతాది, తెలిస్తే సెప్తన్నాం, తెలీకపోతే కనుక్కుంటన్నాం. మీరే వారం వారం వస్తన్నారు. ఇకమీదట నెలకోపాలి రండి, అందరితోపాటూ."

సరేనని లేచాను. బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేసి, బడిలో అంతా బాగానే ఉందని చెప్పాను.