వెలుతురు మొక్కు

మా ఆయన దుబాయిలో ఉంటాడు. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. ఏడాది పాటు నేను ఆయనకు చూపించింది మా ఇంటి సీలింగ్ ఫ్యాను. బుగ్గల మీద నల్ల మచ్చలు వచ్చాయి మరి!

"ఫ్యాన్ మంచిగనే ఉందిగని, నువ్వు యాడున్నవే?" అనేవాడు.

"సిగ్నల్ లేదు," అనేదాన్ని. అత్తమ్మ పక్కనే కూర్చుని దీపం వత్తులు చేసుకుంటూ అంతా వినేది.

పసుపు, శనగపిండి, మీగడ, పక్కింటామె చెప్పిందని ఆలుగడ్డ కూడా రుద్దాను. కూర వండుకున్నా బాగుండేది. చివరికి కరీంనగర్‌లో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను.

"ఎండకొచ్చిన మచ్చలివి. లైటుతోని తగ్గుతయ్. నెలకోసారి రావాలె, ఒక్కనాడుల పోవు. ఎండల మాత్రం తిరగద్దు. బయటికి పోతే ఈ తెల్ల మందు రాసుకో, గొడుగు పట్టుకో," అంది.

లక్సెట్టిపేట నుంచి నెలనెలా కరీంనగర్ పోవాలంటే ఇంట్లో ఏం చెప్పాలి? ముఖానికి లైటు కొట్టించుకుంటున్నానంటే వాడకట్టంతా నవ్వుతుంది. "వేములవాడ రాజన్నకు మొక్కుకున్న అత్తమ్మా, నెలకో సోమవారం పోవాలె," అనేశాను. దేవుడి పేరు మీద అబద్ధం! ఎంత ధైర్యం నాది!

మరి ప్రసాదం? కరీంనగర్ బస్టాండులో వేములవాడ బస్సు దిగే వాళ్లకు అడ్డంపడి, "జర ప్రసాదం పెట్టుండ్రి అక్కా," అని అడిగి రుమాలులో మూట కట్టుకునేదాన్ని.

ఆ లైటు సంగతి చెప్పాలి. కళ్లకు నల్లద్దాలు, ముఖానికి చల్లటి జెల్లు, ఆపైన తళుక్కుమని వెలుతురు. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంటుంది. మొదటిసారి తర్వాత మచ్చలు ఇంకా నల్లబడ్డాయి. నా పని అయిపోయింది, రాజన్న పగబట్టాడనుకున్నాను. వారం తిరిగేసరికి అవి చాయపత్తిలా పొడిపొడిగా రాలాయి. మూడో నెలకు పలచబడ్డాయి. ఐదో నెలకు అద్దం ముందు నిలబడి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఫోను నా వైపు తిప్పాను.

ఆయన ఫోను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "సిగ్నల్ మంచిగైందే!" అన్నాడు. పకపకా నవ్వాను.

తెల్లారి అత్తమ్మ సంచి సర్దింది. "నడువు పిల్లా, నేను గూడ వస్త. నా మొక్కు తీరింది. తలనీలాలియ్యాలె."

నా మచ్చలు పోవాలని ఆమె కూడా రాజన్నకు మొక్కుకుందన్నమాట! అరవై దాటినా ఆమెది గుప్పిటికి అందని కొప్పు. ఆదివారం వస్తే గంటసేపు నూనె పెట్టుకుంటుంది. మచ్చలు పోగొట్టింది డాక్టరమ్మ, జుట్టు పోయేది అత్తమ్మది! బస్సులో చెప్పేద్దామని నోరు తెరవడం, మళ్లీ మూయడం. వేములవాడ వచ్చేసింది.

మంగలాయన తల తడిపి కత్తి ఎత్తాడు. ఇక ఆగలేక అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. "వద్దత్తమ్మా! నేను ఒక్కనాడు గూడ గుడికి రాలే. కరీంనగర్ల లైటు పెట్టిచ్చుకున్న. నీ జుట్టు తీపియ్యకు!" ఏడుపొచ్చేసింది.

"నాకు ఎర్కనే," అంది అత్తమ్మ, తల ఎత్తకుండానే. "గుడికి పోయెటోళ్లు మొకానికి తెల్ల మందు రాసుకొని పోతరా? ప్రసాదం ఒక్కనాడన్న గుడి కవర్ల తెచ్చినవా? అయినా నేను మచ్చల కోసం మొక్కలే. నువ్వు నా కొడుక్కు నవ్వుకుంట మొకం చూపెట్టాలెనని మొక్కిన. నిన్న చూపెట్టినవ్. ఇగ నువ్వు కానియ్ నాయనా!"

కొప్పు నా ఒళ్లోనే రాలింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గొడుగు తీసి ఆమె గుండు మీద పట్టాను.

"నీ మొకం నల్లగైతదే, నువ్వు పట్టుకో!" అని కసిరింది.

"కానియ్ అత్తమ్మా," అన్నాను.